సమాకలన గుర్తును మనకిచ్చిన లైబ్నిజ్

ఎం.ఎస్సీ. గణితం చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు రికార్డు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాకు పెద్ద తిప్పలే వచ్చిపడింది. చేత్తో రాసుకున్న కాగితాలన్నీ ఒక డీటీపీ సెంటర్‌లో ఇచ్చి టైపు చేయించాము. అక్కడి కుర్రాడు పాపం శ్రద్ధగానే చేశాడు గాని అతనికి గణితంతో పరిచయం లేదు. పైనా కిందా ఉండవలసిన భిన్నాలన్నీ ఒకే వరసలోకి వచ్చేశాయి. ఘాతాంకాలు కిందికి దిగి మామూలు అంకెలై కూర్చున్నాయి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రింటు కోసం ఇంకో షాపుకు వెళితే, అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. సమాకలన గుర్తు ∫ ఉండవలసిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా వచ్చింది. మర్నాడే చివరి తేదీ. రాత్రంతా కూర్చుని ఆ డబ్బాల పక్కన నల్లపెన్నుతో గుర్తులు గీశాము.

అయినా వైవాలో దొరికిపోయాము. సంఖ్యల్లో చెప్పాలంటే సంగతి ఇది. 12 రాసి, దాని కింద గీత గీసి, ఆ గీత కింద 2+4 రాశాము. దాని విలువ 2. టైపులో అది 12/2+4 అయింది. దీని విలువ 10. చేసిన లెక్క సరైనదే, కాగితం మీద పడింది తప్పు. పరీక్షకులు కాగితాన్ని చూస్తారు గాని మన మనసును చూడరు కదా!

ఆ తర్వాత కంప్యూటర్‌లో సమీకరణాలు టైపు చేయడం ఎలాగో మేమే నేర్చుకోవడం మొదలుపెట్టాము. ఆ గుర్తులు ఎక్కడినుంచి వచ్చాయో వెతుకుతూ పోతే ఒక మహానుభావుడి దగ్గర ఆగాము. గణితం అచ్చువేసేవాళ్ళ ఇబ్బందిని మూడు వందల ఏళ్ళ క్రితమే పట్టించుకున్న మనిషి ఆయన. ఇంటర్ రెండో సంవత్సరంలో ∫ గుర్తును వందలసార్లు రాశాము గాని, దాన్ని మొదట గీసిన వ్యక్తి పేరు మాకు అప్పట్లో తెలియదు. ఆయనే గాట్‌ఫ్రీడ్ విల్హెల్మ్ లైబ్నిజ్.

లైబ్నిజ్ 1646 జూలై 1న జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పుట్టారు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించే ప్రొఫెసర్. కాబట్టి ఆయన మనలాగా ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాడు కాదు. ఆరేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్నారు. కాని తండ్రి వదిలిపోయిన గ్రంథాలయం మిగిలింది. పిల్లవాడు ఆ పుస్తకాల మధ్య కూర్చుని, బొమ్మలున్న ఒక చరిత్ర పుస్తకం ఆధారంగా లాటిన్ భాషను చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. మన హాస్టల్‌లో ఒక బీరువా నిండా ఉన్న పుస్తకాలనే లైబ్రరీ అనుకుని పెరిగిన మాకు ఇది చదివి కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

చదివింది న్యాయశాస్త్రం. 1666లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆయన ఊరు వదిలి ఆల్ట్‌డార్ఫ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి మరుసటి ఏడాదే ఆ పట్టా తీసుకున్నారు. తర్వాత మైంజ్ పాలకుడి కొలువులో చేరారు. 1672లో రాచకార్యం మీద పారిస్ వెళ్ళారు. అప్పటికి ఆయనకు ఇరవై ఐదు నిండాయి. విశేషమేమిటంటే, ఆ వయసు వరకు ఆయనకు ఆనాటి ఉన్నత గణితం దాదాపు రాదు. ఇంటర్ నుంచే కోచింగులకు వెళ్ళిన తోటివాళ్ళను చూసి మనం వెనకబడిపోయామని బాధపడే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పారిస్‌లో హైగెన్స్ అనే గొప్ప డచ్ శాస్త్రవేత్త ఆయనకు గురువులాగా దొరికారు. ఆయన లైబ్నిజ్ చేతికి ఒక లెక్క ఇచ్చారు. 1, 3, 6, 10 ఇలా త్రిభుజాకారంగా పేర్చగల సంఖ్యలున్నాయి కదా, వాటి వ్యుత్క్రమాలను అంతం లేకుండా కూడుతూ పోతే ఎంత వస్తుంది? అంటే 1 + 1/3 + 1/6 + 1/10 ఇలా. లైబ్నిజ్ ప్రతి పదాన్నీ రెండు పదాల భేదంగా విడగొట్టారు. 1 అంటే 2/1 − 2/2. 1/3 అంటే 2/2 − 2/3. 1/6 అంటే 2/3 − 2/4. ఇలా రాసుకుంటూ పోతే ముందు తీసేసింది తర్వాత కలుస్తుంది, మధ్యలో ఉన్నవన్నీ కొట్టుకుపోతాయి. మొదటి 2 ఒక్కటే నిలుస్తుంది. జవాబు 2. కాగితం, పెన్ను తీసుకుని ఒకసారి చేసి చూడండి, రెండు నిమిషాల పని. కూడటం, తీసివేయడం ఒకదానికొకటి ఎదురు నడిచే పనులన్న ఈ చిన్న గమనికే తర్వాత ఆయన కలనగణితానికి పునాది అయింది.

అయితే దారి సాఫీగా సాగలేదు. 1673 మొదట్లో లండన్ వెళ్ళినప్పుడు, భేదాలతో శ్రేణులను సాధించే తన పద్ధతిని ఒక పెద్దల సమావేశంలో ఉత్సాహంగా చెప్పారు. అక్కడున్న జాన్ పెల్ అనే గణితజ్ఞుడు ఇది ఇదివరకే ఒక ఫ్రెంచి పుస్తకంలో అచ్చయిందని చెప్పేశారు. వెళ్ళి చూస్తే నిజమే! నలుగురిలో తల దించుకోవలసి వచ్చింది. అదే ప్రయాణంలో ఆయన రాయల్ సొసైటీకి తన లెక్కల యంత్రాన్ని కూడా చూపించారు. కూడిక, తీసివేతలే గాక గుణకారం, భాగహారం కూడా చేయడానికి ఉద్దేశించిన యంత్రమది. లోపల మెట్లు మెట్లుగా పళ్ళున్న ఒక డ్రమ్ము తిరుగుతుంది. అప్పటికది పూర్తికాలేదు, రాబర్ట్ హుక్ దాన్ని విమర్శించారు. అయినా ఆ సంవత్సరమే సొసైటీ లైబ్నిజ్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది. పారిస్ తిరిగి వచ్చి, తనకేమీ తెలియదన్న సంగతి తెలుసుకున్నవాడిలా పట్టుదలగా చదివారు. రెండున్నరేళ్ళు గడిచాయి.

1675 అక్టోబరు 29. ఆ రోజు రాసుకున్న కాగితాల్లో ఒక మార్పు కనిపిస్తుంది. అంతవరకు ఒక వక్రం కింద వైశాల్యం చెప్పడానికి ఆయన లాటిన్‌లో అన్నీ అని అర్థమిచ్చే మాటను కుదించి రాసేవారు. ఫలానా గీతలన్నీ కలిపితే అని చెప్పడమన్నమాట. ఆ రోజు, ఆ మాట బదులు ఒక పొడవాటి ఎస్ అక్షరం రాస్తే సౌకర్యంగా ఉంటుందని నిశ్చయించుకున్నారు. లాటిన్‌లో మొత్తానికి సుమ్మా అంటారు. అందులో మొదటి అక్షరం ఎస్. ఆ రోజుల్లో చేతిరాతలోను, అచ్చులోను ఎస్‌ను అలా నిలువుగా సాగదీసి రాసే అలవాటు ఉండేది. అదే మన ∫.

అదే కాగితంలో భేదాన్ని చూపడానికి డి అక్షరం తీసుకున్నారు. మొదట దాన్ని గీత కింద, హారంలో రాశారు. రెండు వారాలు తిరగకముందే, నవంబరు 11 నాటి కాగితంలో అది పైకి వచ్చి ఎక్స్ పక్కన చేరి డిఎక్స్ అయింది. అదే రోజు ఆయన ఇంకో ప్రశ్న వేసుకున్నారు. రెండు రాశుల లబ్ధానికి అవకలనం చేస్తే, విడివిడిగా చేసిన అవకలనాల లబ్ధమే వస్తుందా? ఇంటర్‌లో మనలో సగంమంది చేసే పొరపాటు ఇదే! ఆయన పరీక్షించి చూసుకుని, రాదని తేల్చుకున్నారు. సరైన సూత్రం తర్వాత దొరికింది. ఎంత పెద్ద మేధావైనా ఆ మెట్టు మీదుగానే ఎక్కాడని తెలిస్తే మాకెందుకో ధైర్యంగా అనిపించింది.

ఈ గుర్తుల్లో అంత గొప్పతనం ఏముందని అడగవచ్చు. డివై బై డిఎక్స్ అన్నదాన్ని ఆయన భిన్నంలాగా రాశారు. మధ్యలో జెడ్ అనే ఇంకో చలరాశి వస్తే, డివై బై డిజెడ్ ను డిజెడ్ బై డిఎక్స్ తో గుణించాలి. చూడగానే పైన ఒక డిజెడ్, కింద ఒక డిజెడ్ కొట్టేయాలనిపిస్తుంది, జవాబు కూడా అదే వస్తుంది. నియమం గుర్తు లేకపోయినా గుర్తే చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని పిల్లవాడికి ఇంతకంటే పెద్ద సాయం ఏముంటుంది? మంచి గుర్తు ఆలోచన శ్రమను తగ్గిస్తుందని లైబ్నిజ్ గట్టిగా నమ్మారు. ఆయన గుర్తులను ఊరికే పెట్టేవారు కాదు. తోటి గణితజ్ఞులకు ఉత్తరాలు రాసి, ఫలానా గుర్తు బాగుందా అని అడిగి, అభ్యంతరాలు వింటే మార్చుకునేవారు. యోహాన్ బెర్నూలీ అనే స్విస్ గణితజ్ఞుడు సమాకలనానికి ఐ అక్షరం వాడదామన్నారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పేరు బెర్నూలీలది, అంటే ఇంటిగ్రల్. గుర్తు లైబ్నిజ్‌ది.

1676లో ఆయన హానోవర్ చేరి, అక్కడి పాలకుల కొలువులో గ్రంథాలయాధికారిగా కుదిరారు. మిగిలిన నలభై ఏళ్ళు ఆ ఉద్యోగంలోనే గడిచాయి. గనుల్లోని నీటిని గాలిమరలతో తోడించాలని కొన్నేళ్ళు తంటాలు పడి విఫలమయ్యారు. ఆ రాజవంశ చరిత్ర రాసే పని నెత్తిన పడి చివరిదాకా వదల్లేదు. కలనగణితం మీద తొలి వ్యాసం 1684 అక్టోబరులో, లైప్‌జిగ్ నుంచి వచ్చే ఆక్టా ఎరుడిటోరం అనే పత్రికలో వెలువడింది. ఆరేడు పేజీలే, అందులోనూ అచ్చుతప్పులు! ఈ సంగతి చదివినప్పుడు మేము మా రికార్డును తలుచుకుని నవ్వుకున్నాము. ∫ గుర్తు రెండేళ్ళ తర్వాత 1686లో అచ్చులోకి వచ్చింది.

అచ్చు అంటే అప్పుడు ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. ఒక్కో అక్షరం ఒక్కో చిన్న లోహపు ముక్క. కంపోజిటరు వాటిని అరల్లోంచి ఏరి వరసగా పేర్చాలి. మామూలు వాక్యమైతే చేయి తిరిగినవాడికి కష్టం లేదు. భిన్నం వచ్చిందంటే చిక్కే. లవానికి చిన్న అక్షరాలు, మధ్యలో సన్నని లోహపు బద్ద, కింద హారం, చుట్టూ ఖాళీ కదలకుండా ఉత్త లోహపు ముక్కలు. భిన్నంలో భిన్నం వస్తే ఇక చెప్పనక్కర్లేదు. కొన్ని పదాలను ఒక గుంపుగా చూపడానికి వాటి నెత్తిన పొడవాటి గీత గీసే పద్ధతి ఉండేది, అదీ అంతే. ఒక వరస ఎత్తు మారితే పేజీ అంతా సర్దుకోవాలి. పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి.

లైబ్నిజ్ ఈ కష్టాన్ని చూశారు. భాగహారానికి గీత బదులు రెండు చుక్కలు పెడితే అంతా ఒకే వరసలో ఉంటుంది. నెత్తిన గీత బదులు కుండలీకరణాలు పెడితే ఏ ప్రెస్సులోనైనా ఆ అచ్చులు దొరుకుతాయి. మన 12 కింద 2+4 ను ఆయన పద్ధతిలో 12:(2+4) అని రాయవచ్చు. వరస చెడదు, అర్థమూ చెడదు. మా డీటీపీ కుర్రాడు వరస నిలిపాడు గాని కుండలీకరణాలు వేయలేదు. వేయమని మేమూ చెప్పలేదు. గుణకారానికి వాడే × గుర్తు ఎక్స్ అక్షరంలాగా కనబడి పొరపాటు పడేలా ఉందని 1698లో బెర్నూలీకి రాసి, దాని బదులు చుక్క వాడారు. 1708లో ఆక్టా పత్రిక, ఇకముందు లైబ్నిజ్ గుర్తులనే వాడతామని, పాతవి అచ్చుకు ఇబ్బందిగా ఉన్నాయని ప్రకటించింది. అంత పెద్ద తత్వవేత్త, రాజులకు సలహాదారు, కంపోజిటరు వేళ్ళ గురించి ఆలోచించాడంటే మాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

1693లో ఫ్రాన్సులోని లోపితాల్‌కు రాసిన ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. మూడు సమీకరణాల గుణకాలకు అక్షరాలు కాకుండా 10, 11, 12 అని జంట అంకెలు పెట్టారు. మొదటి అంకె ఏ సమీకరణమో చెబుతుంది, రెండోది ఏ చలరాశిదో చెబుతుంది. మాత్రికల్లో మనం అక్షరం కింద చిన్నగా వేసే జంట అంకెలు గుర్తుకు రాలేదూ? ఆ ఉత్తరం 1850 దాకా అచ్చుకాలేదు. 0, 1 అనే రెండంకెలతోనే అన్ని సంఖ్యలూ రాయవచ్చని 1703లో పారిస్ అకాడమీకి వివరించింది కూడా ఈయనే. ఈనాటి కంప్యూటర్లు నడిచేది ఆ రెండంకెల మీదే.

ఇక ఆయన్ను కుంగదీసిన గొడవ. ఇంగ్లాండులో ఐజాక్ న్యూటన్ 1665, 1666 ప్రాంతంలోనే ఇదే గణితాన్ని తనదైన పద్ధతిలో కనిపెట్టి, ప్రచురించకుండా దాచుకున్నారు. లైబ్నిజ్ ముందుగా ప్రచురించారు. 1676లో ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ ఏడాదే లండన్‌లో న్యూటన్ రాతప్రతి ఒకటి లైబ్నిజ్ చూశారు కూడా. దాంతో దొంగతనం చేశాడన్న నింద పుట్టింది. తనకు న్యాయం చేయమని లైబ్నిజ్ రాయల్ సొసైటీని కోరారు. సొసైటీ 1712లో ఒక సంఘం వేసింది. ఆ సొసైటీకి అధ్యక్షుడు సాక్షాత్తు న్యూటనే! నివేదికను తెరవెనుక ఉండి తయారుచేసింది కూడా ఆయనే. తీర్పు ఎలా వస్తుందో వేరే చెప్పాలా? లైబ్నిజ్ కాగితాలన్నీ పరిశీలించిన చరిత్రకారులు, ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారని తర్వాత తేల్చారు. న్యూటన్ ఎంత గొప్పవాడైనా ఈ విషయంలో ఆయన నడిచిన తీరు మాకు నచ్చలేదు.

1714లో హానోవర్ పాలకుడు ఇంగ్లాండుకు రాజయ్యాడు. పరివారమంతా లండన్ తరలిపోయింది. లైబ్నిజ్‌ను మాత్రం వంశచరిత్ర పూర్తిచేయమని ఇక్కడే ఉంచారు. కీళ్ళవాతంతో బాధపడుతూ, 768 నుంచి మొదలుపెట్టిన ఆ చరిత్రను 1005 దాకా తెచ్చి, 1716 నవంబరు 14న డెబ్భై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అంత్యక్రియలకు కొలువు నుంచి ఒక్కరూ రాలేదు. చెప్పుకోదగ్గవాడు కార్యదర్శి ఒక్కడే వచ్చాడు. ఆయనే స్థాపించిన బెర్లిన్ అకాడమీ గాని, రాయల్ సొసైటీ గాని సంతాపం తెలపలేదు.

మనిషి ఓడిపోయాడు గాని గుర్తులు ఓడలేదు. న్యూటన్ అక్షరం నెత్తిన చుక్క పెట్టేవారు. స్వదేశాభిమానంతో ఇంగ్లాండువాళ్ళు వందేళ్ళు ఆ చుక్కలనే పట్టుకుని వేలాడారు. ఈలోగా లైబ్నిజ్ గుర్తులతో యూరప్ గణితజ్ఞులు ఎంతో ముందుకు పోయారు. చివరికి 1812లో కేంబ్రిడ్జిలో బాబేజ్, హెర్షెల్, పీకాక్ అనే కుర్రవాళ్ళు ఒక సంఘం పెట్టి, లైబ్నిజ్ గుర్తులు తేవాలని పట్టుబట్టారు. 1817లో పీకాక్ పరీక్షాధికారి అయ్యి, ప్రశ్నపత్రంలోనే ఆ గుర్తులు వాడేశారు. ప్రశ్నపత్రంలో వచ్చాక ఎవరు నేర్చుకోరు! ఈ బాబేజే తర్వాత కంప్యూటర్‌కు తాతలాంటి యంత్రాన్ని రూపొందించిన వ్యక్తి.

చివరగా రికార్డులు టైపు చేసుకునే తమ్ముళ్ళ కోసం ఒక మాట. 2007 నుంచి వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఆల్ట్ మీటతో పాటు సమాన గుర్తు మీట నొక్కితే సమీకరణం రాసే చోటు తెరుచుకుంటుంది. అందులో 12/(2+4) అని ఒకే వరసలో కొట్టి స్పేస్ నొక్కండి. కుండలీకరణాలు మాయమై, 12 పైకి, 2+4 కిందికి వెళ్ళి మధ్యలో గీత పడుతుంది. కంపోజిటరు చేసే పని యంత్రం చేస్తుంది. వెనక్కి వాలిన గీత పెట్టి పక్కనే ఇంగ్లీషులో ఐ, ఎన్, టి కొట్టి స్పేస్ నొక్కితే ∫ వస్తుంది. ఇంకో షాపులో ప్రింటు తీసేటట్టయితే పీడీఎఫ్ చేసుకుని వెళ్ళండి, డబ్బాలు రావు. పాత బ్యాచ్ అన్నల ఫైళ్ళలో ఈక్వేషన్ ఎడిటర్ అనే పాత పరికరంతో చేసిన సమీకరణాలుంటే జాగ్రత్త. భద్రతా లోపాల వల్ల 2018 జనవరిలో దాన్ని వర్డ్ నుంచి తీసేశారు. అవి కనబడతాయి గాని అక్కడే దిద్దడం కుదరదు.

లైబ్నిజ్ వదిలిపోయిన కాగితాలు దాదాపు రెండు లక్షల పుటలు. హానోవర్ గ్రంథాలయం వాటిని భద్రంగా దాచింది. 1923లో వాటి సంపూర్ణ ప్రచురణలో మొదటి సంపుటం వచ్చింది, ఆ పని ఇప్పటికీ పూర్తికాలేదు. ఆయన ఉత్తరాలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మొదటిసారి పొడవాటి ఎస్ గీసిన 1675 అక్టోబరు 29 నాటి కాగితం కూడా ఆ హానోవర్ కట్టల్లోనే ఉంది.